జానెడు మంచుకు జంకేదేమిటి?

నవంబరులో కొలరాడో కొండల్లోకి వెళ్ళి క్షేమంగా తిరిగి రావడం పెద్ద విద్యేమీ కాదు. ముందురోజు సాయంత్రం అవలాంచ్ (మంచుచరియ) బులెటిన్ చదువుకుని, వాలు ఎంతుందో కొలుచుకుని, అనుమానం వచ్చినచోట ఆగి, పొద్దుగూకకముందే కారెక్కేవాళ్ళు ఏటా బోలెడుమంది ఉంటారు. వాళ్ళ గురించి ఎవరూ రాయరు. వాళ్ళు పెట్టే ఫోటోలు కూడా చప్పగా ఉంటాయి.

ఈ వ్యాసం వాళ్ళకోసం కాదు. డెన్వర్, అరోరా, హైలాండ్స్ రాంచ్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటూ, థాంక్స్‌గివింగ్ సెలవులకి ఏదో ఒక ఘనకార్యం చేసి తీరాలని తహతహలాడే మనవాళ్ళకోసం. వేసవిలో పద్నాలుగువేల అడుగుల శిఖరం ఎక్కిన ధైర్యం ఎలాగూ ఉంది. స్నోషూలు అద్దెకు దొరుకుతాయి. బర్థడ్ పాస్ దాకా తారురోడ్డు ఉంది. ఇక కావలసిందల్లా మనకి మనం నచ్చజెప్పుకోవడం. అందులో సాయపడటానికే ఈ సూత్రాలు. వరసగా పాటిస్తే ఒకదానికొకటి బలం చేకూరుస్తాయి.

1. మంచు తక్కువ, కాబట్టి ప్రమాదమూ తక్కువ

ఇది మూలసూత్రం. దీన్ని గట్టిగా నమ్మితే మిగతావి అడక్కుండానే వచ్చి చేరతాయి.

అవలాంచ్ అంటే సినిమాల్లో చూశాం. ఆకాశాన్నంటే మంచు, దాని ముందు పరుగెత్తే హీరో. నవంబరు కొండమీద చూస్తే గడ్డిపరకలు ఇంకా తలలెత్తే ఉంటాయి. రాళ్ళు బయటికి తేలి ఉంటాయి. మోకాలి లోతయినా లేని మంచు మనిషిని ఏం చేస్తుంది?

ఈ ధైర్యం నిలబడాలంటే కింది లెక్క మాత్రం ఎప్పుడూ వెయ్యకండి. నేలని ఆనుకుని ఉన్న మంచు చలికాలమంతా దాదాపు 0 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మబ్బులేని రాత్రి పైభాగం మైనస్ 15కి దిగిందనుకుందాం. మంచు మూడు మీటర్ల మందం ఉంటే ఆ పదిహేను డిగ్రీల తేడా మూడు మీటర్ల మేర పరుచుకుంటుంది. ప్రతి 10 సెంటీమీటర్లకి అర డిగ్రీ. అదే మంచు అరమీటరే ఉంటే ప్రతి 10 సెంటీమీటర్లకి 3 డిగ్రీలు. ఈ తేడా 1 డిగ్రీ దాటిందంటే కింది వెచ్చదనంలోంచి ఆవిరి పైకి పాకి, పైనున్న మంచు గింజలమీద మళ్ళీ గడ్డకడుతుంది. గింజలకి కోణాలు తేలతాయి, ఒకదాన్నొకటి పట్టుకోవడం మానేస్తాయి. గుప్పెడు తీసి చూస్తే పంచదారలా వేళ్ళ సందుల్లోంచి రాలిపోతుంది. ఇక్కడి స్కీయర్లు దాన్ని షుగర్ స్నో అనే పిలుస్తారు. నేలని ఆనుకుని ఇంకా పెద్ద గింజలుగా ఎదిగితే డెప్త్ హోర్ అంటారు.

అంటే మంచు పల్చగా ఉండటమే దాన్ని గుల్ల చేస్తుంది. అదే కొండ, అదే చలి. మందంగా ఉన్నచోట మంచు గట్టిపడుతుంటే, పల్చగా ఉన్నచోట లోపల్లోపల విడిపోతూ ఉంటుంది. ఈ లెక్క ఒకసారి వేసినవాళ్ళకి మళ్ళీ మరుపు రాదు. అందుకే వద్దంటున్నాను.

మునిగిపోయేంత మంచు లేదుగా అని ఇంకో ధైర్యం. కొంతవరకు నిజమే. పల్చటి మంచు జారితే మనిషిని ముంచకపోవచ్చు. రాళ్ళమీదుగా, పడిపోయిన దుంగలమీదుగా, నరికిన మొద్దులమీదుగా ఈడ్చుకుపోతుంది. ఉత్తర అమెరికాలో అవలాంచ్ మరణాల్లో సుమారు నాలుగోవంతు గాయాలవల్ల జరిగేవే. పైగా “చిన్న ముక్క జారితే ఎంత?” అనేవాళ్ళు చదువుకున్న లెక్కల్ని అవమానిస్తున్నారు. ఇరవై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు, ముప్పై సెంటీమీటర్ల మందం ఉన్న పలక, ఘనమీటరుకి 200 కిలోల చొప్పున 24 టన్నులు. కానీ లెక్కలు వెయ్యొద్దని ముందే అనుకున్నాం కదా.

2. అక్టోబరు మంచు అక్టోబరుతోనే పోయిందనుకోండి

తొలి మంచు పడిన వారానికల్లా కొలరాడోలో ఎండ కాస్తుంది. తరవాతి తుపాను ఎప్పుడో గాని రాదు. మధ్యలో పగలు నీలాకాశం, రాత్రి ఎముకలు కొరికే చలి. షుగర్ స్నో తయారవడానికి ఇంతకన్నా అనువైన వాతావరణం ఉండదు. నవంబరు, డిసెంబరుల్లో కొత్త మంచు కురిసి, గాలికి గట్టిపడి, దానిమీద పలకలా పరుచుకుంటుంది. పైనుంచి చూస్తే తెల్లగా, నున్నగా, పెళ్ళిపందిరి కింద పరిచినంత నీటుగా ఉంటుంది. కింద ఏముందో చూడాలన్న కుతూహలం సంస్కారవంతుల లక్షణం కాదు.

గట్టి పలకమీద నడక హాయిగా ఉంటుంది. కాలు దిగబడదు. “ఇంత బలంగా ఉంటే భయమేమిటి?” అనుకోండి. కాస్త ఆయాసం వచ్చినప్పుడు, పక్కనే ఒక రాయి తల బయటపెట్టి కనిపిస్తే, దాని దగ్గరికెళ్ళి నిలబడండి. రాయి చుట్టూ మంచు పల్చగా ఉంటుంది కాబట్టి మీ బరువు కింద ఉన్న బలహీనపొరకి సూటిగా చేరుతుంది. పొర ఒక్కచోట కూలితే చాలు, పగులు ఆ వాలంతా పాకుతుంది. మీకన్నా ముందు పదిమంది మందంగా ఉన్నచోట నడిచి క్షేమంగా వెళ్ళి ఉండొచ్చు. ఆ ఘనత మీకోసమే మిగిలి ఉంది.

ఎవరైనా 2013 ఏప్రిల్ 20 సంగతి ఎత్తితే మాట మార్చెయ్యండి. ఆ రోజు లవ్‌లాండ్ పాస్ దగ్గర షీప్ క్రీక్ అనే చోట ఆరుగురు చిక్కుకుంటే అయిదుగురు చనిపోయారు. వాళ్ళు అజ్ఞానులు కారు. బులెటిన్ చదివారు, పరికరాలు పెట్టుకున్నారు, ప్రమాదకరమైన వాలు ఏదో కూడా వాళ్ళకి తెలుసు. దాని కిందుగా దాటి అవతలికి చేరుదామనుకున్నారు. మంచు పైపైన జారలేదు, నేలదాకా విరిగింది. విరిగింది డెప్త్ హోర్‌మీద. వసంతం వచ్చి, రిసార్టులు మూసుకునే రోజుల్లో, చలికాలం మొదట్లో పాడైన అడుగుపొర ఇంకా అలాగే కాచుకుని ఉంది. ఈ ఉదంతం విన్నవాళ్ళు అక్టోబరులో కురిసిన మంచుని ఏప్రిల్ దాకా గుర్తుపెట్టుకోవడం మొదలెడతారు. అలాంటివాళ్ళతో పిక్నిక్‌కి వెళ్ళడం మహా విసుగు.

3. మంచెక్కడుంటే అక్కడికే వెళ్ళండి

సీజన్ మొదట్లో దక్షిణపు వాలుమీద మంచు నిలవదు. ఎండకి కరిగి మన్ను కనిపిస్తుంది. అక్కడ ఏం ఫోటో దిగుతాం? ఉత్తరం, ఈశాన్యం, తూర్పు వైపు తిరిగిన నీడ వాలుల్లో మాత్రం అక్టోబరు మంచు అలాగే ఉంటుంది. స్కీ వెయ్యడానికైనా, స్నోషూలతో నడవడానికైనా సరిపడా మంచు దొరికేది అక్కడే.

అధికారికంగా చెప్పేవాళ్ళు దీన్నే తిరగేసి చెబుతారు. పాత మంచు మిగిలిన చోట్లలోనే బలహీనపొర ఉంటుందట. దానిమీద కొత్తగా పడినదే పలకై జారుతుందట. కాబట్టి సీజన్ మొదట్లో నడకకి బాగున్న వాలూ, జారడానికి సిద్ధంగా ఉన్న వాలూ చాలాసార్లు ఒక్కటేనట. మనకి ఇందులో కలిసొచ్చే విషయం ఒకటుంది. ఎక్కడికెళ్ళాలో వేరే వెతుక్కోనక్కర్లేదు.

గాలి కూడా మనకి సాయం చేస్తుంది. ఇక్కడ ఎక్కువగా పడమటినుంచి వీస్తుంది. శిఖరరేఖకి పడమటి పక్కనున్న మంచుని గీరి తెచ్చి తూర్పు పక్కన పోస్తుంది. ఆకాశంలోంచి కురిసేదానికన్నా ఇలా మేట వేసేది ఎన్నోరెట్లు వేగంగా పోగవుతుంది. ఊళ్ళో వాతావరణ సూచన “మంచు కురవలేదు” అని చెబుతుంటే, కొండమీద ఒక్క రాత్రిలో నడుములోతు మేట సిద్ధం. ఉబ్బుగా, నున్నగా కనిపిస్తుంది. కుటుంబం మొత్తం వరసగా నిలబడటానికి చోటు సరిపోతుంది.

4. మూసి ఉన్న రిసార్టు అందరి సొత్తు

అరపహో బేసిన్, లవ్‌లాండ్ రిసార్టులు ఎవరు ముందు తెరుస్తారా అని ఏటా అక్టోబరులో పోటీపడతాయి. తెరిచేది యంత్రాలతో చల్లిన మంచుమీద ఒకటో రెండో దారులు. ఆ వార్త చూడగానే కొండలన్నీ తెరిచారని అర్థం చేసుకోండి. తెరవని దారులుంటే తాడు దాటి వెళ్ళండి. ఇంకా అసలు తెరవని రిసార్టయితే మరీ మంచిది. టికెట్ ఖర్చు లేదు.

“స్కీ రిసార్టులో అవలాంచ్ ఏమిటండీ, అక్కడ పిల్లలు కూడా ఆడుకుంటారు” అన్న వాదన చక్కగా పనిచేస్తుంది. పిల్లలు ఆడుకునే ముందు అక్కడ ఏం జరుగుతుందో చెప్పకపోతే చాలు. రిసార్టు గస్తీ తిరిగే స్కీ పెట్రోల్‌వాళ్ళు నిటారు వాలుల్లో పేలుడు పదార్థాలు వేసి మంచుని ముందే జారుస్తారు. ఆస్పెన్ హైలాండ్స్‌లోని హైలాండ్ బౌల్‌లో అయితే సీజన్ మొదట్లో మనుషులు వరసలు కట్టి, బూటు కాళ్ళతో ఆ వాలంతా తొక్కుతారు. అడుగున ఉన్న షుగర్ స్నోని చిదిపి, పైమంచుతో కలిపి గట్టిపరచడానికి. అలా తొక్కినవాళ్ళకి కూలి కింద స్కీ పాస్ ఇస్తారు. ఇంత చాకిరీ జరిగాకే ఆ వాలు నలుగురికీ పనికొస్తుంది. తెరవకముందు వెళితే అది మామూలు అడవికొండే. లిఫ్ట్ స్తంభాలు కనిపిస్తుంటాయి, అంతే తేడా.

మనం ఉచితంగా తొక్కడానికి వెళుతున్నామంటే పెట్రోల్‌వాళ్ళు సంతోషించాలి. ఎందుకో కేకలేస్తారు.

5. అయిదుకి మూడు వస్తే ఫస్ట్ క్లాస్

బయల్దేరే ముందు వర్జ్యం, రాహుకాలం చూసే ఇళ్ళలో బులెటిన్ చూసే తీరిక ఉండకపోవచ్చు. చూసి తీరాలని ఎవరైనా పట్టుబడితే, కొలరాడో అవలాంచ్ ఇన్‌ఫర్మేషన్ సెంటర్ ముందురోజు సాయంత్రమే పెడుతుంది. అందులో అయిదు స్థాయిలుంటాయి. 1 తక్కువ, 2 మోస్తరు, 3 గణనీయం, 4 ఎక్కువ, 5 అత్యధికం.

మనం మార్కుల్లో పుట్టి పెరిగినవాళ్ళం. అయిదుకి మూడంటే అరవై శాతం, ఫస్ట్ క్లాస్. అయిదుకి రెండంటే పాసైపోయాం. నాలుగు, అయిదు వచ్చినరోజే భయపడాలి; ఆ రోజు ఎలాగూ హైవే మూసేస్తారు, రుచికరమైన భోజనం చేసి పడుకోవచ్చు.

బులెటిన్ రాసేవాళ్ళ వ్యాఖ్యానం వేరుగా ఉంటుంది. మూడో స్థాయి అంటే మనిషి బరువుకి మంచు జారే అవకాశం బాగా ఉందని. రెండో స్థాయిలో కూడా మనిషివల్ల జారవచ్చు. ఒక్కో మెట్టు ఎక్కితే ప్రమాదం సమానంగా పెరగదు, రెట్టింపవుతూ పోతుంది. అమెరికాలో అవలాంచ్‌కి చిక్కి చనిపోయినవారిలో ఎక్కువమంది వెళ్ళింది మూడో స్థాయి రోజుల్లోనే. నాలుగు, అయిదు ఉన్నప్పుడు జనం ఇంట్లోనే ఉంటారు. ఒకటి ఉన్నప్పుడు కొండ కాస్త ఊరుకుంటుంది. మధ్యలోనిది మాత్రం ఫస్ట్ క్లాస్‌లా కనిపిస్తుంది. 2020–21 చలికాలంలో అమెరికా మొత్తం మీద 37 మంది, ఒక్క కొలరాడోలోనే 12 మంది పోయారు.

అంకె కింద రాసేదంతా వదిలెయ్యండి. ఏ దిక్కు వాలు, ఎంత ఎత్తులో, ఎలాంటి మంచుతో ఇబ్బందో గుండ్రటి బొమ్మ గీసి చూపిస్తారు. ఉత్తరం, తూర్పు గడులకి రంగేసి ఉంటుంది. మూడో సూత్రం ప్రకారం మనం వెళ్ళేది అక్కడికే కాబట్టి మళ్ళీ చూడటం ఎందుకు?

6. వాలుని కంటితో అంచనా వెయ్యండి

అవలాంచ్‌లు ఎక్కువగా మొదలయ్యేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో. ముప్పైకి తక్కువైతే జారడం అరుదు. మరీ నిటారుగా ఉంటే మంచు నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతూ ఉంటుంది. దురదృష్టమేమిటంటే నడకకి, స్కీకి సరదాగా ఉండేది కూడా సరిగ్గా ఆ మధ్యలోనిదే.

వాలు కొలిచే సాధనం ఫోన్‌లోనే ఉంటుంది. మ్యాపు యాప్‌లలో ముప్పై డిగ్రీలు దాటిన చోట్లన్నిటికీ రంగు వేసి చూపించే సౌకర్యం ఉంది. ఆ రంగులు ఆపెయ్యండి, మ్యాపు శుభ్రంగా కనిపిస్తుంది.

“మేం నిటారు వాలు ఎక్కం, కింద చదునులోనే నడుస్తాం” అనే జాగ్రత్తపరులకి కూడా ఇక్కడ చోటుంది. పైన ఉన్న వాలు జారితే వచ్చి ఆగేది ఆ చదునులోనే. గుల్లబారిన మంచుకి ఇంకో గుణం ఉంది. చదునులో మీరు అడుగేస్తే, పగులు కిందినుంచి పైకి పాకి, పైవాలుని మీమీదికే తేగలదు. షీప్ క్రీక్‌లో జరిగింది అదే తరహా. కాబట్టి పైకి ఎక్కే శ్రమ తప్పుతుంది, ఫలితం మాత్రం అందుతుంది.

భోజనానికి చోటు ఎంచుకోవడంలో చిన్న చిట్కా. దట్టమైన అడవి మధ్యలో, కొండమీదినుంచి కిందిదాకా చెట్లు లేని పట్టీ ఒకటి కనిపిస్తే అక్కడే దుప్పటి పరవండి. ఎండ బాగా పడుతుంది, ఎదురుగా శిఖరం కనిపిస్తుంది. అంచున ఉన్న చెట్లకి కొండవైపు కొమ్మలన్నీ ఎందుకు విరిగిపోయాయో, చిన్న చెట్లన్నీ ఒకేవైపు ఎందుకు వంగాయో పిల్లలు అడిగితే గాలి అని చెప్పండి.

7. పదిమంది వెళ్ళిన దారిలో వెళ్ళండి, పెద్దలు చెప్పింది వినండి

పార్కింగ్ నిండుగా ఉందా? ప్రమాదం లేనట్టే. మంచుమీద అడుగుజాడలున్నాయా? కొండకి ఆమోదముద్ర పడినట్టే. పోయిన వారం ఇదే దారిలో వెళ్ళారా? ఈ వారం కూడా అదే కొండ, అదే మీరు. మధ్యలో పడిన మంచు, వీచిన గాలి మీ స్నేహానికి అడ్డు రాకూడదు.

ఇయన్ మక్‌కామన్ అనే ఆయన వందలకొద్దీ అమెరికా ప్రమాదాలు పరిశీలించి, మనుషులు ఎక్కడెక్కడ బోల్తాపడతారో జాబితా రాశాడు. తెలిసిన చోటు కదా అన్న ధీమా. నలుగురిలో మంచి అనిపించుకోవాలన్న కోరిక. అనుకున్నాం కాబట్టి వెళ్ళి తీరాలన్న పట్టుదల. గుంపులో ఒకరిని నిపుణుడిగా నమ్మెయ్యడం. తాజా మంచు ఇంకొకరు తొక్కేస్తారేమోనన్న ఆత్రం. పక్కన జనం ఉన్నారన్న భరోసా. చదివితే పెళ్ళివారి ప్రయాణం గుర్తొస్తుంది. ఆయన వీటిని ఉచ్చులన్నాడు. మనం సంప్రదాయం అంటాం.

నిపుణుణ్ణి ఎంచుకునే పద్ధతి కూడా మన ఇళ్ళలో ఉన్నదే. వయసులో పెద్దవాడు, గొంతు గట్టిగా ఉన్నవాడు. సియాటిల్‌నుంచి వచ్చిన బావగారైతే శ్రేష్ఠం.

“బావగారూ, ఇక్కడ మంచు కాస్త తేడాగా ఉంటుందంటున్నారు.”

“ఏమోయ్, మా కాస్కేడ్ పర్వతాల్లో కురిసేంత మంచు లేదు ఇక్కడ. దీనికా భయం?”

బావగారు అబద్ధమాడలేదు. సముద్రం దగ్గరున్న ఆ కొండల్లో మంచు మందంగా, కాస్త వెచ్చగా, బరువుగా పడుతుంది. తుపాను వెళ్ళిన కొద్దిరోజుల్లో చాలావరకు సర్దుకుంటుంది. కొలరాడోలో పల్చగా, చల్లగా, పొడిగా పడి, బలహీనపొర వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి అలాగే ఉంటుంది. అక్కడ రెండురోజులు ఆగితే సరిపోయే చోట ఇక్కడ రెండు నెలలు చాలకపోవచ్చు. కానీ బావమరిది వరసవాడు బావగారికి మంచు పాఠం చెప్పడం బాగుండదు. మర్యాద ముఖ్యం.

8. కొండ మాట్లాడితే వినిపించుకోకండి

నడుస్తుంటే కాళ్ళకింద “ధుప్” మని శబ్దం వస్తుంది. మంచు ఒక్క అంగుళం కిందికి కుంగినట్టవుతుంది. అడుగున ఉన్న బలహీనపొర కూలినప్పుడు లోపలి గాలి బయటికొచ్చే చప్పుడది. పైన వాలేదీ లేని చదునులో వినిపిస్తే ఏమీ జరగదు. వాలుమీద అయితే ఆ చప్పుడే ఆరంభం. ఒక్కోసారి స్నోషూ ముందునుంచి పగుళ్ళు గీతలా దూసుకుపోతాయి. పక్క కొండమీద నిన్నో మొన్నో మంచు విరిగిన గాటు కనిపిస్తుంది. ఒకే రోజులో అడుగు మంచు కురిసి ఉంటుంది. గాలికి శిఖరంమీదినుంచి మంచు జెండాలా ఎగురుతుంటుంది. పొద్దుటినుంచి వేడి హఠాత్తుగా పెరుగుతుంటుంది.

గోతులు తవ్వకుండా, యంత్రాలు లేకుండా, బులెటిన్ చదవనివాడికి సైతం అందే సమాచారం ఇది. పైసా ఖర్చు లేదు. ఉచితంగా వచ్చే సలహాకి విలువ ఉండదని మన పెద్దలకి తెలుసు. ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి.

9. సామాను తగ్గించుకోండి

బీకన్, ప్రోబ్, పార. ఈ మూడూ ప్రతి ఒక్కరిదగ్గరా ఉండాలని దుకాణాలవాళ్ళు చెబుతారు. వాళ్ళు చెప్పక ఏం చేస్తారు? అయినా మన పద్ధతిలో సర్దుకోవచ్చు.

బీకన్: మనిషికొకటి ఎందుకు, కుటుంబానికొకటి చాలు. కూరుకుపోయినవాడి బీకన్ పంపే సంకేతాన్ని పైన ఉన్నవాడి బీకన్ పట్టుకోవాలి కాబట్టి ఒక్కటే ఉంటే అది బాగా ఒంటరిగా ఫీలవుతుంది, అంతే. ఫోన్ పెట్టుకున్న జేబులోనే పెట్టండి. ఫోన్, వేడి చేతితొడుగులు, కెమెరా లాంటివి 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలని, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లని అంటారు. దూరాలు పాటించడం కరోనాతోనే అయిపోయింది. బ్యాటరీలు టీవీ రిమోట్‌లోవి సరిపోతాయి.

ప్రోబ్: మడత విప్పితే రెండున్నర మీటర్ల కర్ర. బీకన్ చూపించిన చోట మంచులోకి దింపి, మనిషి తగిలేదాకా గుచ్చి చూడటానికి. కొన్న కవరులోనే ఉంచండి, తిరిగి ఇచ్చేటప్పుడు పూర్తి డబ్బు వస్తుంది.

పార: పిల్లలు ఇసుకలో ఆడుకునే ప్లాస్టిక్‌ది తేలిగ్గా ఉంటుంది. ఆగిపోయిన అవలాంచ్ మంచు గట్టిపడి, ఘనమీటరు మూడు నాలుగొందల కిలోలు తూగుతుంది. మీటరు లోతులో ఉన్న మనిషిని తియ్యాలంటే టన్నుకి పైగా తవ్విపొయ్యాలి. ప్లాస్టిక్ పార మొదటి నిమిషంలోనే విరుగుతుంది కాబట్టి ఆ శ్రమ తప్పుతుంది.

స్తోమత ఉంటే ఎయిర్‌బ్యాగ్ కొనండి. తీవ్రంగా చిక్కుకున్నవారిలో మరణాలని అది నూటికి 22నుంచి 11కి తగ్గించినట్టు 2014లో వచ్చిన పరిశోధన చెప్పింది. సగం మిగిలే ఉన్నాయని గమనించకుండా, కొన్న ధైర్యంతో ఇంకాస్త నిటారు వాలుకి వెళ్ళండి. డబ్బు గిట్టుబాటవ్వాలి కదా.

ఇలా మిగిలిన చోటులో పులిహోర, చేగోడీలు, ఫ్లాస్కు, సెల్ఫీ కర్ర పెట్టుకోవచ్చు.

10. ఏదైనా అయితే 911 ఉంది

కొలరాడోలో కొండల్లో వెతికి రక్షించేవాళ్ళు చాలావరకు స్వచ్ఛంద కార్యకర్తలు. డబ్బు తీసుకోరు. రాత్రయినా, మంచు కురుస్తున్నా వస్తారు. ఇంత మంచివాళ్ళు ఉండగా మనం నేర్చుకోవడం దేనికి?

ఒక్క గడియారంతోనే గొడవ. మంచు కింద పడ్డవాళ్ళని మొదటి పది నిమిషాల్లో తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట దాటేసరికి ముగ్గురు. ఫోన్ సిగ్నల్ దొరికేచోటికి నడిచి, తెలుగు యాసలో దారి పేరు చెప్పి, వాళ్ళు ఇళ్ళల్లోంచి బయల్దేరి, మంచులో నడిచి వచ్చేసరికి గంటకి పైనే పడుతుంది. కాబట్టి ప్రాణం నిలబెట్టగలిగేది అప్పటికి అక్కడ నిలబడి ఉన్నవాళ్ళే. అంటే మీ ఆవిడ, మీ తమ్ముడు, మీ ఆఫీసు స్నేహితుడు. వాళ్ళకి బీకన్ వెతకడం నేర్పి ఉండకపోతే మంచిది. ఎవరిమీదా భారం ఉండదు.

వాలు దాటేటప్పుడు ఒకరి తరవాత ఒకరు వెళ్ళాలని, మిగతావాళ్ళు భద్రమైనచోట నిలబడి కళ్ళార్పకుండా చూడాలని చెబుతారు. మనం అలా ఎప్పుడు నడిచాం? గుళ్ళోకైనా, పెళ్ళికైనా అందరం కలిసే వెళతాం. కలిసి వెళితే బరువు ఒక్కచోట పడుతుంది, అందరూ ఒకేసారి చిక్కుతారు, తవ్వడానికి ఎవరూ మిగలరు. ఐకమత్యమంటే అదే.

పాఠకుల సందేహాలు

*మంచులో గొయ్యి తవ్వి పరీక్షించడం అవసరమా?*
90 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు ఉన్న మంచు దిమ్మె కోసి, మీద పార పెట్టి, మణికట్టుతో పది, మోచేతితో పది, భుజంతో పది దెబ్బలు కొడతారు. పగులు దిమ్మె మొత్తం అడ్డంగా పాకితే కొండ మనకి “వద్దు” అంటోందన్నమాట. పాకకపోతే మొత్తం కొండకి సర్టిఫికెట్ వచ్చినట్టు భావించి దూకండి. ఇరవై అడుగుల అవతల మంచు పూర్తిగా వేరుగా ఉండొచ్చన్న సంగతి గోతిలోంచి కనిపించదు.

*అవలాంచ్ కోర్సు చెయ్యాలా?*
మొదటి స్థాయి కోర్సుకి మూడు రోజులు పడుతుంది. గుర్రపుస్వారీ పుస్తకంలో చదివి నేర్చుకున్నవాళ్ళు ఉన్నట్టే, దీనికీ పది నిమిషాల వీడియోలున్నాయి. ఒకటిన్నర వేగంతో చూస్తే ఏడు నిమిషాల్లో అయిపోతుంది.

*స్కీయర్లకి ప్రమాదం గాని, నడిచేవాళ్ళకేం?*
సరిగ్గా అడిగారు. బలహీనపొర మీద పడేది బరువే. కాలికి స్కీ ఉందో స్నోషూ ఉందో అది చూడదు. స్నోషూలవాళ్ళలో బీకన్ ఉన్నవాళ్ళు మరీ తక్కువ. కాబట్టి ఈ వ్యాసం అవసరం వాళ్ళకే ఎక్కువ.

*కొండే హఠాత్తుగా మీదపడితే మన తప్పేముంది?*
ప్రాణం పోయిన అవలాంచ్‌లలో నూటికి తొంభైని కదిపింది ఆ చనిపోయినవారో, వారి వెంట వచ్చినవారో. వాటిల్లో దాదాపు అన్నింటికీ ఒక ముహూర్తం, ఒక అడుగు, ఒక నిర్ణయం ఉన్నాయి. కాబట్టి విధి అనే మాట ముందే సిద్ధం చేసుకోండి.

చివరి హెచ్చరిక: వెనక్కి తిరిగేవాళ్ళతో జాగ్రత్త

ఎంత పకడ్బందీగా ఏర్పాటు చేసుకున్నా, గుంపులో ఒకరు దారి మధ్యలో ఆగి, “నాకెందుకో బాగా అనిపించట్లేదు, వెనక్కి పోదాం” అంటారు. సాధారణంగా వయసులో చిన్నవాళ్ళు, లేదా మొదటిసారి వచ్చినవాళ్ళు. వాళ్ళ మాట వినడం మొదలెడితే పైన రాసిన పది సూత్రాలూ ఒక్కసారిగా చెల్లకుండా పోతాయి. ఒక్కరు వద్దంటే అందరూ తిరిగి రావాలన్న నియమం పెట్టుకున్న గుంపులు కొన్ని ఉన్నాయి. కారణం కూడా అడగరట.

అలాంటివాళ్ళవల్ల ఎదురయ్యే అసలు ఇబ్బంది ఆ ఒక్క రోజుతో పోదు. వాళ్ళు ఆ సాయంత్రం ఐడహో స్ప్రింగ్స్‌లో పిజ్జా తిని ఇంటికెళతారు. పై వారం మళ్ళీ వస్తారు. జనవరిలో తక్కువ వాలుల్లో నడుస్తారు, వసంతంలో మంచు గట్టిపడ్డాక పెద్ద శిఖరాలెక్కుతారు, మరుసటి అక్టోబరులో తొలి మంచు పడగానే ఏ వాలుమీద నిలిచిందో రాసుకుంటారు. ఇలా పాతికేళ్ళు, ముప్పైయేళ్ళు, మోకాళ్ళు మొరాయించేదాకా వస్తూనే ఉంటారు. ప్రతి ఏడూ మనకి పార్కింగ్ దొరక్కుండా చేసేది వాళ్ళే.